చెవి కొస నెత్తురు

చచ్చిన జీవాన్ని కొయ్యొద్దు.
నా కొలువులో మొదట నేర్పిన మాట ఇదే.
కోస్తే లోపలున్నదానికి గాలి తగుల్తది,
గాలి తగిలితే గింజ కడ్తది,
గింజ కడితే నీ మనుమల దాకా ఆగుతది.
అందుకే చెవి కొస మీద ఒక్క సూదిపోటు,
గాజు పలక మీద ఒక్క చుక్క.
ముక్కుల నుంచి కారింది నల్లగ,
గడ్డ కట్టకుండ, ఎండుటాకుల మీద ఇంకా తడి.

మన్ననూరు దాటినంక ఫరహాబాద్ తొవ్వల
అడవోళ్లు కట్టిన నీళ్ల సాసర్ పక్కన మూడు దుప్పులు.
కిందికి రెండు కిలోమీటర్లల్ల కడారి సైదులు మంద:
పదకొండు గొర్రెలు, ఒక పొట్టేలు.
రేంజర్ సారు అప్పటికే రాసేసిండు,
బయటి మందలు దొమ్మ తెచ్చినయని.
సైదులు ఏమనలేదు.
గొంగడి మడత పెట్టిండు, విప్పిండు, మళ్ల మడత పెట్టిండు.

తొవ్వ చూపిన ఉడుతల ఈదమ్మ
పులి అడుగులు లెక్క రాసే చెంచు మనిషి.
నా ఐసు డబ్బా దిక్కు చూసి అడిగింది:
"దాని ఇంటిపేరేంది సారూ?"
నవ్వొచ్చింది, ఆపుకున్న.
ఇంటిపేరు తెల్వకుండ వాళ్లల్ల పిల్లనియ్యరు.

ఆరు వారాలకు హైదరాబాదు నుంచి జాబు.
ఒక్కొక్క దాని రాత యాభై లక్షల అక్షరాల పొడుగట.
పక్కపక్కన పెట్టి చదివితే
అక్కడక్కడ ఒక అచ్చుతప్పు.
ఆ తప్పులే వంశం.
మట్టిల నిద్రపోయే గింజ తప్పు చెయ్యదట,
వందేండ్లు పండుకున్నా అక్షరం చెదరదట.
చంపేటప్పుడే,
ఒక ఒంట్లె లక్షలుగ పుట్టే ఆ రెండు రోజుల్లనే
కొత్త తప్పు రాసుకుంటదట.

దుప్పులది ఒక ఇల్లు, గొర్రెలది ఇంకో ఇల్లు.
దుప్పుల దానికి జాబితాల చుట్టాలెవ్వరు లేరు.
మూడు దుప్పులు, మూడింటికి చిన్న చిన్న తేడాలు,
ఒకే తల్లికి దూరం దూరం మనుమరాండ్లు.
ఎన్ని తరాల సంది ఈ లోయలనే ఉన్నదో.
"అయితే అది మాదే," అన్నది ఈదమ్మ,
తప్పిపోయిన మేనమామ పేరు
సంతల ఎవరో పిలిస్తే విన్నట్టు.

గొర్రెల దానికి మాత్రం చుట్టం దొరికింది.
ముప్పై ఒక్క ఏండ్ల కింద ఫ్రీజర్ల పెట్టిన సీసా.
దేవరకొండ తాలూకా, డిండి ఒడ్డు, బర్రె.
ఫొటో పంపిండ్రు.
చీటీ మీద 'డిండి'ల గుడి తిప్పిన తీరు
నాదే.

అప్పుడు నాకు ఇరవై మూడు.
సున్నం బస్తా రావాలె, రాలేదు.
ఆరడుగులు తవ్వాలె, మూడడుగులకు బండ తగిలింది.
పైన వాన.
కాళ్లు గుంతల పట్టకపోతే గొడ్డలి అడిగినం.
ఎవరం కొట్టినమో గుర్తులేదని
ఇన్నేండ్లు అనుకుంట వచ్చిన.
రిజిస్టర్ల 'పద్ధతి ప్రకారం పూడ్చబడినది' అని రాసి
కింద సంతకం.

సైదులు మంద ఎండకాలం ఎండకాలం
ఆ ఒడ్డు మీదికెల్లే డిండి దాటుతది.
ఒక్క జాగల గడ్డి అందరికన్న ముందు పచ్చబడుతదని
వాళ్ల నాయిన చూపిచ్చిండట.
గొర్రెలు అక్కడ ఆగితే అదిలించినా కదలవట.

రేంజర్‌కు కాగితం రాసిన:
రెండు రోగాలు వేరు, దుప్పులను మంద చంపలేదు.
ఆ కాగితం రాయడం అలకనే.
మిగిలిన నలభై ఆరు గొర్రెలకు టీకాలేసిన,
పైసలు నా జేబుల నుంచి.
"ఎందుకు సారూ?" అన్నడు సైదులు.
సూది మారుస్తున్నట్టు తల దించుకున్న.

మొన్న ఐతారం ఒక్కడినే పోయిన డిండి ఒడ్డుకు,
నాలుగు కడీలు, ముండ్లతీగ,
రెండు బస్తాల సున్నం బండి మీదేసుకొని.
చుట్టుముట్టు పల్లేరు ఎండి కాళ్లకు గుచ్చుతున్నది.
నడిమిట్ల గడ్డి,
నిజంగనే పచ్చగ,
ఒక బర్రె పొడుగు, ఒక బర్రె వెడల్పు.